అంజలి బతికి ఉంటే...

కిందటి ఉగాది వేడుకల్లో భోజనాల దగ్గర ఒకావిడ కలిశారు. పదిహేనేళ్ళ పరిచయం. వాళ్ళమ్మాయీ మా అమ్మాయీ రెండు నెలల తేడాలో పుట్టారు. వాళ్ళమ్మాయి ఉద్యోగ ప్రయత్నాలు, రూమ్మేటుతో పేచీలు, అప్పుడే మొదలైన సంబంధాల గొడవ అన్నీ చెప్పుకొచ్చి, చివర్లో నా చెయ్యి పట్టుకుని, "మీ పాప ఎలా ఉంది?" అని అడిగారు.

మా పాపకి ఇరవై రెండేళ్ళు.

ఆవిడ అడగడంలో వెటకారమేమీ లేదు. ఉన్నది ప్రేమే. మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో నన్ను "పాపా" అనే పిలుస్తుంది, నాకేమీ అనిపించదు. కానీ ఒకే వయసున్న ఇద్దరిలో ఒకరు "అమ్మాయి" అయి, రెండోవారు "పాప"గానే మిగిలిపోవడం ఇంటికి చేరేదాకా నన్ను వదల్లేదు. కారు వెనకసీట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న మా అమ్మాయి వైపు అద్దంలోంచి చూశాను. నాకంటే రెండంగుళాలు పొడుగు. ఆ మనిషిలో పాప ఎక్కడుంది?

మా అమ్మాయికి ఆటిజం ఉంది. ఆ కథంతా చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ "పాప" అనే మాట మనకి ఎక్కడినుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ, ఇదివరకు చూసిన సినిమాలు మళ్ళీ చూశాను, చదివిన పుస్తకాలు మళ్ళీ తిరగేశాను. నాకు తోచింది ఇదీ: మన సినిమాలకి ఇలాంటి పసిపిల్ల అంటే చాలా ఇష్టం. ఆ పిల్ల పెద్దదవడం మాత్రం వాటికి చేతకాదు. సినిమాకి చేతకాకపోతే నష్టం లేదు. మనకి చేతకాకపోతే మాత్రం ఉంది.

ఎదగని అమ్మాయిలు

మన ఇళ్ళలో అందరికీ గుర్తుండే సినిమా మణిరత్నం "అంజలి". 1990లో తమిళంలో వచ్చింది, తెలుగులోనూ అంతే ఆడింది. అందులో పాపకి ఉన్నది ఆటిజం అని సినిమా చెప్పదు. బుద్ధి ఎదగని పిల్ల, పైగా ఎక్కువకాలం బతకదు అంటారు. పుట్టగానే చనిపోయిందని తల్లికి అబద్ధం చెప్పి, తండ్రి రెండేళ్ళు దాచిపెడతాడు. తరవాత ఇంటికి తెస్తాడు. మొదట అన్నా అక్కా సిగ్గుపడతారు, కాలనీలో పిల్లలు వెక్కిరిస్తారు. మెల్లగా అందరూ దగ్గరవుతారు. అందరూ దగ్గరయ్యాక పాప చనిపోతుంది.

నేనిది మొదటిసారి చూసినప్పుడు నాకు పెళ్ళి కాలేదు. హాలంతా ఏడ్చినట్టే నేనూ ఏడ్చాను. ఇరవై ఏళ్ళ తరవాత, మా అమ్మాయి పక్కగదిలో ఉండగా చూసినప్పుడు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బేబీ శ్యామిలి నటన మీద కాదు, అది ఎన్నిసార్లు చూసినా చూడబుద్ధేస్తుంది. దాచిపెట్టడం తప్పని అంత గట్టిగా చెప్పినందుకు ఆ సినిమాకి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను. కానీ అంజలి ఎప్పుడు చనిపోయింది? సరిగ్గా అందరూ ప్రేమించడం నేర్చుకున్నాక. ఆ ప్రేమ ఎంతకాలం నిలుస్తుందో పరీక్షించే రోజు రాకముందే. అంజలికి పన్నెండేళ్ళు వచ్చాయనుకోండి. బడి మారాలి. ఒళ్ళు మారుతుంది. కాలనీ పిల్లలు క్రికెట్ మానేసి ట్యూషన్లకి పోతారు. ఆ సినిమా ఎవరూ తియ్యలేదు.

అంతకుముందు బాలు మహేంద్ర "వసంత కోకిల" ఉంది. తమిళ మాతృక 1982లో వచ్చింది. ఇదీ ఆటిజం కథ కాదు. ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి, ఒక యువతి మనసు చిన్నతనానికి వెళ్ళిపోతుంది. శ్రీదేవి ఒళ్ళు ఇరవై ఏళ్ళది, మాట అయిదేళ్ళది. ఆ శరీరానికి ఎటువంటి ప్రమాదాలుంటాయో సినిమా దాచదు. కథ మొదలయ్యేదే వేశ్యాగృహంలో, తరవాత ఊళ్ళో ఒక మనిషి కన్ను ఆమె మీద పడుతుంది. ఇంతదాకా నిజాయితీగానే ఉంది. అయితే దీనికి దర్శకుడి పరిష్కారం వైద్యం. ఆమెకి నయమైపోతుంది, పాత జీవితంలోకి వెళ్ళిపోతుంది. చివరి దృశ్యంలో మనం ఏడ్చేది స్టేషన్లో మిగిలిపోయిన కమల్ హాసన్ కోసం.

మూడోది హిందీ సినిమా అయినా మన ఇళ్ళలో అందరూ చూసిందే. అనురాగ్ బసు "బర్ఫీ", 2012. ఇందులో ఝిల్‌మిల్‌కి ఆటిజం అని స్పష్టంగానే చెబుతారు. ప్రియాంకా చోప్రా చేతివేళ్ళ కదలికా, చూపు తిప్పుకోవడం శ్రద్ధగా చేసింది. పైగా ఝిల్‌మిల్‌కి అసూయ ఉంది, అలక ఉంది, తను ఎవరితో ఉండాలో తేల్చుకునే మనసుంది. మన సినిమాల్లో అది చిన్న సంగతి కాదు. కానీ ఝిల్‌మిల్, బర్ఫీ ఒకటయ్యాక కథ ఒక్క గెంతు గెంతి వాళ్ళ చావు దగ్గర పడుతుంది. ఒకే మంచం మీద ఇద్దరూ కన్నుమూస్తారు. మధ్యలో ఏళ్ళు ఏమయ్యాయి? వంట ఎవరు చేశారు? ఆమెకి పీరియడ్స్ నొప్పి వస్తే ఎలా చెప్పింది? ఇష్టం లేని రోజున "ఇవాళ నన్ను ముట్టుకోవద్దు" అనగలిగిందా?

ఒకటి చంపేసింది, ఒకటి నయం చేసేసింది, ఒకటి దాటేసింది. మూడింటికీ తప్పించుకోవలసి వచ్చింది ఒకటే: ఆమె పెద్దదై, అలాగే ఉండి, బతకడం.

మగవాళ్ళ సంగతి వేరు. విశ్వనాథ్ గారి "స్వాతిముత్యం" (1986) చూడండి. అమాయకుడైన శివయ్యకి భార్య ఉంది, పిల్లలున్నారు, ఉద్యోగముంది, ముసలితనముంది, కథ వినడానికి మనవలున్నారు. ఒక మనిషికి నిండు జీవితం ఎంత ఉండాలో అంతా ఇచ్చారాయన. అందుకే ఆ సినిమా నాకిష్టం. కానీ శివయ్య గుడిలో తాళి కట్టినప్పుడు లలితని ఎవరూ అడగలేదు. శివయ్య స్థానంలో ఒక అమాయకపు అమ్మాయిని పెట్టి చూడండి. ఆమె మెడలో ఎవరో ఇలాగే తాళి కట్టారనుకోండి. అది విశ్వనాథ్ సినిమా అవదు, పోలీసు కేసు అవుతుంది. అవ్వాలి కూడా. అదే తేడా.

ఇది కథల్లోనే కాదు

"సినిమాలకి ఇంత తర్కం ఎందుకండీ" అనవచ్చు. పెరగకుండా ఉంటే బాగుండునన్న కోరిక తెర మీదే ఆగిపోలేదు కనక.

1994లో మహారాష్ట్రలో శిరూరులోని ప్రభుత్వ వసతి గృహం నుంచి మానసిక వైకల్యం ఉన్న అమ్మాయిలని పుణె తీసుకెళ్ళి గర్భసంచులు తీసేశారు. చెప్పిన కారణం, నెలనెలా శుభ్రంగా ఉంచడం కష్టమని. దేశమంతా గోల పుట్టింది. పదేళ్ళ తరవాత, 2004లో, ఇక్కడే అమెరికాలో, సియాటిల్‌లో, ఆరేళ్ళ పాపకి తల్లిదండ్రుల కోరిక మీద గర్భాశయం తీసి, రొమ్ములు పెరగకుండా చేసి, హార్మోన్లతో ఎత్తు ఆపేశారు. ఆ పాపకి ఉన్నది ఆటిజం కాదు, లేవలేని, మాట్లాడలేని తీవ్రమైన మెదడు సమస్య. చిన్నగా ఉంటేనే చేతులతో ఎత్తుకుని చూసుకోగలం అన్నారు తల్లిదండ్రులు. వాళ్ళని రాక్షసులనడం నాకు చేతకాదు. మా అమ్మాయి పదేళ్ళప్పుడు, "ఇలాగే ఉండిపోతే ఎంత బాగుండు" అని నేనూ అనుకున్నాను. అయితే ఆ మాట అనుకున్నది నా కోసమే, తన కోసం కాదని ఒప్పుకోడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది.

చట్టాలు మనకంటే కొంచెం ముందు నడిచాయి. 2009లో చండీగఢ్ ప్రభుత్వ సంస్థలో ఉన్న ఒక అమ్మాయి విషయంలో, ఆమె ఒప్పుకోకుండా గర్భం తీయించడానికి వీల్లేదంది మన సుప్రీంకోర్టు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, సంతానం కలగకుండా చేసే వైద్యమేదీ ఆ వ్యక్తి స్వేచ్ఛగా, తెలిసి ఒప్పుకోకుండా చెయ్యకూడదని రాసిపెట్టింది. అంటే ఆ శరీరానికి ఒక యజమానురాలు ఉందని.

రెండు కోటలు

ఇక పుస్తకాలు. లియో కానర్ 1943లో ఆటిజం గురించి రాసిన మొదటి వ్యాసంలో పదకొండుమంది పిల్లలున్నారు. ఎనిమిదిమంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. మరుసటి ఏడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ వివరంగా రాసిన నలుగురూ మగపిల్లలే. ఇది మగపిల్లల జబ్బు అన్న అభిప్రాయం అలా మొదలై చాలాకాలం నడిచింది. అమెరికాలో ఎనిమిదేళ్ళ పిల్లల మీద సీడీసీ తీసిన 2010 నాటి లెక్కల్లో ఆడపిల్లలకంటే మగపిల్లలు నాలుగున్నర రెట్లు. 2025లో ప్రకటించిన లెక్కల్లో (అవి 2022 నాటివి) ప్రతి 31 మందిలో ఒకరికి ఆటిజం, తేడా 3.4 రెట్లకి తగ్గింది. ఆడపిల్లలకి కొత్తగా వచ్చిపడిందని కాదు, చూసేవాళ్ళకి కనిపించడం మొదలైంది.

1967లో రెండు పుస్తకాలు వచ్చాయి. రెండింటి పేర్లూ కోట చుట్టూ తిరుగుతాయి. ఒకటి షికాగోలో పిల్లల ఆశ్రమ పాఠశాల నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ రాసిన "ది ఎంప్టీ ఫోర్ట్రెస్", అంటే ఖాళీ కోట. తల్లిదండ్రుల, ముఖ్యంగా తల్లి, నిరాకరణ వల్లే బిడ్డ తనలోకి ముడుచుకుపోతుందని వాదించాడు. ఆ వాదం తప్పని తరవాత తేలింది, కానీ అప్పటికి ఎన్ని ఇళ్ళలో తల్లులు తలలు వంచుకున్నారో. రెండోది ఒక తల్లి రాసిన "ది సీజ్", అంటే ముట్టడి. రచయిత్రి క్లారా క్లైబోర్న్ పార్క్, మాసచూసెట్స్‌లో విలియమ్స్‌టౌన్ అనే చిన్న కాలేజీ ఊళ్ళో ఉండే ఇంగ్లీషు పంతులమ్మ. 1958లో పుట్టిన తన నాలుగో బిడ్డ మొదటి ఎనిమిదేళ్ళ కథ అది. ఆ పాప నేలమీద ఒక మచ్చ చుట్టూ తిరుగుతూ, ఎవరూ అక్కర్లేకుండా తనలో తాను నవ్వుకుంటూ ఉండే దృశ్యంతో పుస్తకం మొదలవుతుంది.

ఈ రెండు పేర్లలోనే తేడా అంతా ఉంది. డాక్టరు గారికి కోట ఖాళీగా కనిపించింది. అమ్మకి లోపల మనిషి కనిపించింది. ఖాళీ కోటని ఎవరూ ముట్టడించరు గదా! పార్క్ పుస్తకంలో నాకు నచ్చేది గొంతు. ఎక్కడా ఏడుపు లేదు, గొప్పలు లేవు. కుళాయి తిప్పడం, బొమ్మ చూపించడం, ఒక్క మాట నేర్పడం, వీటికి ఎన్ని నెలలు పట్టిందో లెక్క రాసుకున్న మనిషి గొంతు అది.

అయినా "ది సీజ్" కూడా పాప కథే. ఆ ఒక్క పుస్తకంతో ఆగిపోయి ఉంటే పార్క్ కూడా మన మణిరత్నం పక్కనే నిలబడేది. ఆవిడ ఆగలేదు. 2001లో, కూతురు నలభైలలో ఉండగా, "ఎగ్జిటింగ్ నిర్వాణ" రాసింది. మొదటి పుస్తకంలో "ఎల్లీ" అని మారుపేరు పెట్టిన కూతుర్ని ఇందులో అసలు పేరుతో, జెస్సీగా, మనముందు నిలబెట్టింది. ఆ మచ్చ చుట్టూ తిరిగే సుఖమే ఆవిడ దృష్టిలో నిర్వాణం. మనకి నిర్వాణం అంటే చేరుకోవలసిన చోటు. పార్క్‌కి అది కూతుర్ని చెయ్యి పట్టి బయటికి తీసుకురావలసిన చోటు. అలజడి, ఉద్యోగం, జీతం, పక్కింటివాళ్ళ విసుగు ఉన్న ఈ సంసారంలోకి రావడమే ఎదగడం అంటుందావిడ. మన వేదాంతానికి తలకిందులుగా ఉన్న ఈ మాట నాకు చాలా ధైర్యం ఇచ్చింది.

ఆవిడ పుస్తకాన్ని ఏళ్ళ వరసలో చెప్పదు. మాట, ఆలోచన, బొమ్మలు, బతుకు అని విడగొట్టుకుంటుంది. జెస్సీ బొమ్మలు వేస్తుంది. ఇళ్ళూ వంతెనలూ కొలిచినట్టు కచ్చితంగా, రంగులు మాత్రం ఇంద్రధనుస్సు చీల్చి పోసినట్టు. వాటికి పేరొచ్చింది, అమ్ముడుపోయాయి. ఇంకెవరైనా అయితే పుస్తకమంతా ఆ బొమ్మల చుట్టూ తిప్పేవారు. "రెయిన్ మ్యాన్" (1988) వచ్చినప్పటినుంచి ఇలాంటివాళ్ళని చూస్తే జనం "మరి ఏం టాలెంటు ఉంది?" అని అడుగుతారు. మా అమ్మాయి గురించి నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఏమీ లేదండీ, వీధిదీపాలు లెక్కపెడుతుంది అంతే. పార్క్ తన కూతురు బొమ్మలకి ఎంత చోటిచ్చిందో, కాలేజీలో ఉత్తరాలు వేరుచేసే గదిలో ఆమె చేసే ఉద్యోగానికీ అంత మర్యాద ఇచ్చింది. కోపం అదుపులో పెట్టుకోడానికి గోల్ఫ్ ఆటవాళ్ళు వాడే చిన్న లెక్కయంత్రం మీద జెస్సీ తన పాయింట్లు తనే నొక్కుకునేదట. ఆ నొక్కే వేలు తల్లిది కాదు, కూతురిదే. అది నేను రెండుసార్లు చదివాను.

లోపాలు లేవా? ఉన్నాయి. రెండు పుస్తకాల్లోనూ కలం తల్లిది. జెస్సీ మాటలు అందులో చాలా ఉన్నా, ఏ మాట ఉంచాలో ఏది తియ్యాలో నిర్ణయించింది తల్లే. ఈ వ్యాసం రాస్తున్న నాకూ ఆ తప్పులో వాటా ఉంది. రెండోది, విలియమ్స్‌టౌన్. తండ్రి పాఠాలు చెప్పే కాలేజీలోనే కూతురికి ఉద్యోగం. చిన్నప్పటినుంచీ ఎరిగిన ఊరు, అన్నా అక్కలు. వీసా మీద వచ్చి మూడేళ్ళకో ఊరు మారే మనకి ఆ ఊరు ఎక్కడిది? హెచ్-4 మీద ఉన్న పిల్లకి ఇరవై ఒకటో ఏడు రాగానే ఆ వీసా చెల్లదు. చదువుకునే పిల్లలు స్టూడెంటు వీసాకి మారతారు. కాలేజీకి వెళ్ళలేని ఆటిజం అమ్మాయి ఎక్కడికి మారాలి? పార్క్ పుస్తకంలో ఈ ప్రశ్నకి జవాబుండదు. అది మనమే రాసుకోవలసిన అధ్యాయం.

కలం వాళ్ళ చేతికి వచ్చాక

ఆ కలం కూతుళ్ళ చేతికి వచ్చినప్పుడు ఏమైందో చెప్పడానికి రెండు పుస్తకాలు చాలు.

టెంపుల్ గ్రాండిన్ 1986లో "ఎమర్జెన్స్", 1995లో "థింకింగ్ ఇన్ పిక్చర్స్" రాసింది. పశువుల్ని బెదరకుండా నడిపించే దారులు కట్టడంలో ఆవిడ దిట్ట, కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసరు. 2010లో హెచ్‌బీవో సినిమా వచ్చాక మనవాళ్ళందరికీ ఆవిడ పేరు తెలిసింది. అందరూ గుర్తుపెట్టుకునేది ఆవిడ విజయం. నేను గుర్తుపెట్టుకున్నవి రెండు చిన్న సంగతులు. ఒకటి, పెద్దమనిషి అయ్యే వయసునుంచి తనని పట్టుకుని ఏళ్ళతరబడి వదలని భయం గురించి రాసింది. బయట కారణమేమీ లేకుండా ఒళ్ళంతా వణికించే భయం. ముప్ఫై ఏళ్ళు దాటాక మందు దొరికేదాకా దాంతోనే బతికింది. ఆ వయసులో మా అమ్మాయి రాత్రిళ్ళు గోడకి తల కొట్టుకుంటుంటే, "మొండితనం ఎక్కువైంది" అన్నాం మేము. ఆ రెండు పేజీలు అప్పటికే చదివుంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళం. రెండోది, కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆవిడ దగ్గర చెమటవాసన వస్తోందని, ఆవిడ పై అధికారి డియోడరెంటు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, ఇది వాడాలని మొహం మీదే చెప్పాడట. ఆయనకి తను రుణపడి ఉన్నానంటుందావిడ. మనమైతే చాటుగా నవ్వుకుంటాం, లేదా తల్లికి చెబుతాం. ఆ అమ్మాయికి ఎవరూ చెప్పరు.

డానా విలియమ్స్ ఆస్ట్రేలియా మనిషి. 1992లో వచ్చిన "నోబడీ నోవేర్" చదవడం తేలిక కాదు. దెబ్బలున్న ఇల్లు, నిలకడ లేని బతుకు, పెద్దయ్యాక గాని తెలియని ఆటిజం. బయటి ప్రపంచాన్ని తట్టుకోడానికి ఆమె తనలో ఇద్దరు మనుషుల్ని తయారు చేసుకుంది. అందులో ఒకరు కేరల్. నవ్వుతుంది, అందరితో కలుస్తుంది, ఎదుటివాళ్ళకి కావలసినట్టు ఉంటుంది. కేరల్ అందరికీ నచ్చుతుంది. డానా ఎవరికీ తెలియదు.

ఇక్కడ నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. మనకి కేరల్ కొత్తా? "నోట్లో నాలుక లేని పిల్ల", "ఎంత అణకువో", "ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చుంటుంది", ఇవన్నీ మన మెప్పుకోళ్ళు. ఒక ఆడపిల్ల తనంతట తను మాట్లాడకపోతే, తోటిపిల్లల నవ్వు చూసి అలాగే నవ్వితే, అడిగినదానికల్లా తలూపితే, ఇంగ్లీషువాళ్ళు ఈ మధ్య దాన్ని ముసుగు అంటున్నారు, మనం తరతరాలుగా బుద్ధిమంతురాలు అంటున్నాం. మగపిల్లాడు బల్ల కింద దూరితే డాక్టరుకి చూపిస్తాం. ఆడపిల్ల మూల కూర్చుంటే చుట్టాలకి చూపిస్తాం. మన తెలుగు ఇళ్ళలో ఎందరు అమ్మాయిలు ఇలా పొగడ్తల కింద కనిపించకుండా పోయారో. నాకు తెలిసిన ఒక అమ్మాయికి ఇరవై ఆరేళ్ళప్పుడు, పెళ్ళయ్యాక తెలిసింది. "ఇన్నాళ్ళూ నటించి అలిసిపోయాను ఆంటీ" అంది.

మనం రాయవలసిన అధ్యాయం

మా అమ్మాయికి పన్నెండో ఏట ఓణీల ఫంక్షన్ చెయ్యాలా వద్దా అని మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. "దానికెందుకు ఫంక్షన్" అన్నవారూ ఉన్నారు, "దానికి మాత్రం ముచ్చట తీరొద్దా" అన్నవారూ ఉన్నారు. ఎవరి ముచ్చట? జరీ అంచు తగిలితే ఒళ్ళు మండే పిల్ల, నూటయాభై మంది హాల్లో మైకు. చివరికి నూలు లంగా, అయిదుగురు మనుషులు, తనకిష్టమైన పెరుగన్నంతో ఇంట్లోనే చేశాం. మంచి ఫోటో ఒక్కటీ రాలేదు. కానీ ఆ రోజుకంటే ముఖ్యమైన పని అంతకు ఏడాది ముందే చెయ్యాలని మాకు ఒక నర్సు చెప్పింది. ప్యాడు ఒంటికి అలవాటు కావాలి, లోదుస్తు మీద ప్యాడు పెట్టే చోటు గీతగీసి చూపించాలి, ఏ వరసలో ఏం చెయ్యాలో బొమ్మలు గోడకంటించాలి, క్యాలెండరులో ఎర్ర చుక్క పెట్టడం తనే నేర్చుకోవాలి. రక్తం అంటే దెబ్బ అని మాత్రమే తెలిసిన పిల్ల ఆ రోజు బెదిరిపోకుండా ఉండాలంటే ఇదే దారి. మాకు ఇది ముందే చెప్పిన పుస్తకం తెలుగులో దొరకలేదు.

తరవాతిది "వద్దు". ఇన్నేళ్ళూ థెరపీలో చెప్పినట్టు వింటే బహుమతి. ఇంట్లో అంకుల్ ముద్దడిగితే ఇవ్వాలి, బుగ్గ గిల్లితే నవ్వాలి. అలా పెంచిన పిల్లకి పదిహేనో ఏట హఠాత్తుగా "ఎవరైనా ముట్టుకుంటే వద్దను" అంటే ఎలా వస్తుంది? వైకల్యం ఉన్న అమ్మాయిలకి ఈ ప్రమాదం మిగతావాళ్ళకంటే ఎక్కువని తెలిసినవాళ్ళందరూ చెబుతారు. "వద్దు" అనడం ఇడ్లీ దగ్గర మొదలుపెట్టాలి. వద్దన్న ఇడ్లీ కంచంలోంచి నిజంగా తీసెయ్యాలి. అప్పుడే ఆ మాటకి బలముందని పిల్ల నమ్ముతుంది. శరీరభాగాలకి అసలు పేర్లు చెప్పాలి. చెప్పడానికి మనకి సిగ్గు. ఆ సిగ్గు వల్ల నష్టపోయేది తను.

మూడోది పద్ధెనిమిదో పుట్టినరోజు. ఈ దేశంలో చాలా రాష్ట్రాల్లో ఆ రోజునుంచి మీ అమ్మాయి చట్టం దృష్టిలో పెద్దది. బడిలో సంతకం హక్కు ఆమెకి వస్తుంది. బడి తరవాత ఏమిటన్న ప్రణాళిక పదహారో ఏటికల్లా ఐ.ఇ.పి.లో ఉండాలి, కొన్ని రాష్ట్రాల్లో ఇంకా ముందే. బడి సేవలు చాలా రాష్ట్రాల్లో ఇరవై ఒకటో, ఇరవై రెండో ఏటిదాకా. గార్డియన్‌షిప్ తీసుకోవడమొక్కటే దారి అని మాకు చెప్పారు. అది కాకుండా, నిర్ణయం ఆమెదే అయి, పక్కన సాయం మాత్రం ఉండే పద్ధతిని 2015లో టెక్సాస్ మొదట చట్టం చేసింది, తరవాత చాలా రాష్ట్రాలు చేశాయి. ఏది ఎవరికి సరిపోతుందో ఆ ఇంటివాళ్ళు వకీలుతో మాట్లాడి తేల్చుకోవాలి. మా అమ్మాయి విషయంలో మేము డబ్బు, వైద్యం వరకే తీసుకున్నాం. మిగతావి తనవే. తను ఏ చొక్కా వేసుకోవాలో, ఎవరితో భోంచెయ్యాలో చెప్పే అధికారం జడ్జి నాకివ్వలేదు. మొదట్లో భయమేసింది. ఇప్పుడు అదే మేలనిపిస్తోంది.

అంజలి 1990లో చిన్న పాప. బతికి ఉంటే ఈపాటికి నలభైకి దగ్గరపడేది. రేవతి, రఘువరన్ వేసిన ఆ అమ్మానాన్నలు ముసలివాళ్ళయ్యేవారు. ఆ ఇంట్లో ఇప్పుడు మనం అడగవలసిన ప్రశ్న "మా తరవాత ఎవరు?" అన్నది. పార్క్ 2010లో చనిపోయింది. కూతుర్ని ఎనిమిదో ఏట ఆపెయ్యకుండా నలభయ్యో ఏటి దాకా రాసి వెళ్ళింది. తల్లి వెళ్ళిపోయాక కూడా మిగిలే మనిషిగా కూతుర్ని నిలబెట్టింది. ఏ రచయిత్రికైనా, ఏ తల్లికైనా ఇంతకంటే పని ఏముంటుంది?

మనకి విలియమ్స్‌టౌన్ లేదన్నాను. ఉన్నది ఈ సంఘమే. ఏడాదికి నాలుగుసార్లు కలుస్తాం. ఈసారి దసరాకి రిజిస్ట్రేషన్ చూసే కుర్రాడు నన్ను కాకుండా మా అమ్మాయినే అడిగాడు, "ఏ పని చేస్తారు?" అని. జవాబు రావడానికి నిమిషం పైనే పట్టింది. ఆ నిమిషం అతను ఆగాడు, నేనూ నోరు విప్పకుండా ఆగాను. "బ్యాడ్జీలు. పాటలు వద్దు," అంది. మూడువందల పేరు బ్యాడ్జీలు అక్షరక్రమంలో పేర్చి, హాల్లోకి రాకుండా బయట బల్ల దగ్గరే కూర్చుని, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు ఇచ్చింది. ఒక్కటీ తప్పుపోలేదు.

ఉగాదినాటి ఆవిడా వచ్చారు. ఆవిడ బ్యాడ్జీ కూడా మా అమ్మాయే ఇచ్చింది. ఈసారి ఆవిడ నన్ను ఏమీ అడగలేదు.